కదిలే వేళ్లా, కుదిరిన వేళ్లా?

బొమ్మ ముఖం కోసం నెలల తరబడి ఆలోచించేవాళ్లు కూడా చేతుల దగ్గరికొచ్చేసరికి చటుక్కున తేల్చేస్తారు. ముఖం, కళ్ల రంగు, జుట్టు అన్నీ ఎంచుకున్నాక ఆర్డరు చివర్న ఒక చిన్న ప్రశ్న మిగులుతుంది. మామూలు చేతులా, వేళ్లకి కీళ్లున్న చేతులా? కీళ్లుంటే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇంకొంత డబ్బే కదా అనిపిస్తుంది. టిక్కు పడిపోతుంది. బొమ్మ ఇంటికొచ్చి, అద్దాల బీరువాలో నిలబడి, ఐదు వేళ్లూ ఐదు దిక్కులు చూస్తున్నప్పుడు గానీ ఆ టిక్కు సంగతి గుర్తుకు రాదు.

ఎంపికల గురించిన పుస్తకంలో ఇంత చిన్న విషయానికి ఒక అధ్యాయమా అనకండి. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి లాంటి వాటికి సలహా చెప్పడానికి ఊరంతా ఉంటుంది. ఆ సలహా మంచిదో కాదో తెలిసేసరికి సగం జీవితం గడిచిపోతుంది. బొమ్మ చేతి విషయంలో సలహా చెప్పేవాళ్లుండరు, బొమ్మ ఇంటికొచ్చాక ఫలితం వారం తిరక్కుండా కళ్లెదుట ఉంటుంది. మనం ఎలా ఎంచుకుంటున్నామో గమనించుకోవడానికి ఇంతకన్నా చవకైన చోటు దొరకదు. బొమ్మ చవక అని కాదు. ఆ ముక్క మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు.

ఈ బొమ్మలు తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బాల్ జాయింటెడ్ డాల్ అంటే పాలీయురెథేన్ రెజిన్‌తో పోసిన బోలు భాగాలని లోపల్నుంచి ఎలాస్టిక్ లాగి బిగించిన బొమ్మ. ప్రతి కీలు దగ్గరా ఒక గుండు, ఆ గుండు కూర్చునే గిన్నె. జపాన్‌లోని వోక్స్ కంపెనీ 1999లో సూపర్ డాల్ఫీ పేరుతో వీటిని మార్కెట్లోకి తెచ్చాక ఈ సరదా మొదలైంది. తర్వాత కొరియా, చైనా తయారీదారులు అందుకున్నారు. పెద్ద బొమ్మలు మనిషిలో మూడో వంతు, దాదాపు 60 సెంటీమీటర్లు. వాటి తర్వాత నాలుగో వంతువి, 40 నుంచి 45 సెంటీమీటర్లు. ఇంకా చిన్నవి చంటిపిల్లల రూపంలోవి. మణికట్టులో ఎస్ ఆకారపు కొక్కెం ఉంటుంది, చెయ్యి దానికి తగిలించి ఉంటుంది. అందుకే చెయ్యి ఊడదీసి వేరేది పెట్టుకోవడం కుదురుతుంది.

చేతుల్లో రెండు జాతులు. మణికట్టు నుంచి వేలికొస దాకా ఒకే ముక్కగా పోసినవి మొదటివి. వాటిని పోత చేతులు అందాం. అరచెయ్యి వేరు, ప్రతి వేలూ రెండు మూడు ముక్కలుగా ఉండి సన్న ఎలాస్టిక్ మీద కదిలేవి రెండోవి. అవి కీళ్ల చేతులు. మనిషి ఒక చేతి వేళ్లలో ఎముకలు 14. వాటిని యథాతథంగా చెయ్యబోతే అరచేతితో కలిపి 15 ముక్కలవుతాయి. రెండు చేతులకీ 30. చాలామంది తయారీదారులు అంతదూరం వెళ్లకుండా ఒకటి రెండు కీళ్లు తగ్గించుకుంటారు.

ఎవరి పని ఎవరు చెయ్యాలి

పోత చెయ్యి చేసిన శిల్పి ఒక నిర్ణయం తీసుకుని మనకి అమ్ముతాడు. చూపుడు వేలు కొంచెం లేచి ఉండాలి, చిటికెనవేలు లోపలికి ఒరగాలి, మణికట్టు దగ్గర నరం కనీకనపడనట్టు ఉండాలి. ఇవన్నీ అతను నెలల తరబడి మట్టిలోనో కంప్యూటర్ మీదో చెక్కి తేల్చినవి. కీళ్ల చెయ్యి అమ్మినప్పుడు ఆ నిర్ణయాన్ని మనకే వదిలేస్తాడు. వేళ్లు ఇస్తున్నాను, భంగిమ నువ్వు చూసుకో అంటాడు. బొమ్మని కదిపిన ప్రతిసారీ ప్రతి ముక్క దగ్గరా మనం శిల్పి ఉద్యోగం చెయ్యాలి. ఆ ఉద్యోగం ఇష్టమైనవాళ్లున్నారు. వాళ్లకి ఆదివారం మధ్యాహ్నం అలా కూర్చుని వేలు వేలూ సర్దుకోవడమే సరదా. ఇష్టం లేనివాళ్లే ఎక్కువ. కాకపోతే డబ్బు కట్టేటప్పుడు అందరం మొదటి రకం అనుకుంటాం.

మా వీధిలో రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నారు. మా ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో తెలుగు ఇల్లంటే తాతో, తండ్రో, మామో రైల్వేలో చేసి ఉంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు ఇలా వచ్చి స్థిరపడ్డవాళ్లే. ఆయన కీళ్ల చేతిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఒక వేలిని గోటితో మీటి, "అమ్మా, దీనికి ప్లే ఉంది" అన్నారు, కీలు వదులుగా ఊగుతోందని. నేను ఎలాస్టిక్ బిగిస్తే పోతుందన్నాను. "కీలు పెట్టిన ప్రతిచోటా ప్లే వస్తుందమ్మా. ప్లే ఉన్నచోట రోజూ ఎవడో ఒకడు చూసుకోవాలి. ఆ ఒకడెవడో తేల్చుకున్నాకే కీలు పెట్టించుకో." ఆయన మాట్లాడింది బొమ్మ గురించో బోగీ గురించో నాకిప్పటికీ అనుమానమే గానీ, విషయం మాత్రం అదే.

ఇక్కడ పనిచేసేది రాపిడి ఒక్కటే. వేలికొస నుంచి అరచేతి దాకా ఎలాస్టిక్ లాగి ఉంటుంది. ఆ లాగుడుకి గుండు గిన్నెలో నొక్కుకుని, ఆ రాపిడి వల్ల వంచిన వేలు వంచినట్టు ఆగుతుంది. ఎలాస్టిక్ వదులైతే వేలు వాలిపోతుంది. మరీ బిగిస్తే వంచిన వేలు ఠపీమని నిటారుగా లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సందు చాలా చిన్నది. మోకాలు, మోచెయ్యి లాంటి పెద్ద కీళ్లలో అయితే గిన్నె లోపల పల్చటి తోలుముక్క అతికించి రాపిడి పెంచుకోవచ్చు. వేలి కీలులో తోలుముక్కకి చోటెక్కడిది?

బొమ్మ సైజు తగ్గేకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. లెక్క వేసి చూడండి. మనిషి చూపుడు వేలు ఏడు సెంటీమీటర్లు, మందం 15 మిల్లీమీటర్లు అనుకుందాం. మూడో వంతు బొమ్మకి అది 23 మిల్లీమీటర్ల పొడవు, ఐదు మిల్లీమీటర్ల మందం అవుతుంది. మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఎనిమిది మిల్లీమీటర్లు కూడా లేదు. నాలుగో వంతు బొమ్మకైతే మందం నాలుగు మిల్లీమీటర్ల లోపే. దాని మధ్యలోంచి ఎలాస్టిక్ పోవడానికి బెజ్జం, ఒక చివర గుండు, రెండో చివర గిన్నె ఉండాలి. గిన్నె అంచు కాగితంలా పల్చబడుతుంది. అలా కాకూడదని వేలు లావు చేస్తే బొమ్మ చేతికి తొడుగు వేసినట్టుంటుంది. అందుకే నా మాట ఒకటే. 45 సెంటీమీటర్లూ, అంతకన్నా చిన్న బొమ్మలకి కీళ్ల చేతుల జోలికి వెళ్లకండి. దీని మీద వాదించడానికి చాలామంది వస్తారు, రానివ్వండి.

దారిలో మూడు బొమ్మలాటలు

ఎన్ని కీళ్లు కావాలన్నది కొత్త ప్రశ్నేం కాదు. ఖరగ్‌పూర్‌లో విశాఖ వైపు బండెక్కితే దారి పొడుగునా దీనికి జవాబులు కనిపిస్తాయి. బెంగాల్‌లో కర్రబొమ్మలాట ఉంది. ఈ బొమ్మలకి ముఖ్యంగా మూడే కీళ్లు. మెడ దగ్గర ఒకటి, భుజాల దగ్గర రెండు. ఒడిశాలోకి వెళ్తే రావణఛాయ అనే నీడల బొమ్మలాట. ఆ తోలుబొమ్మలు ఒకే ముక్క, అసలు కీళ్లే ఉండవు, రంగూ ఉండదు. తెర మీద నల్లటి నీడ పడుతుంది. అదే తోలుబొమ్మ ఆంధ్రకి వచ్చేసరికి ఆకారం పెరిగి, ఒళ్లంతా రంగులు నింపుకుని, నడుము, భుజాలు, మోచేతులు, మోకాళ్ల దగ్గర కీళ్లు పెట్టించుకుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది.

కీళ్లే లేని బొమ్మతో రామకథంతా నడిపించగలిగినవాళ్లూ ఉన్నారు, అన్ని కీళ్లు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఇంత తేడా ఉన్న ఈ మూడు చోట్లా వేళ్లకి మాత్రం ఎవరూ కీళ్లు పెట్టలేదు. చేతకాక కాదు. మోచేతికి కీలు వేసి దారంతో ముడి వేసినవాడికి వేలికి వెయ్యడం పెద్ద కష్టం కాదు. చూసేవాడు కూర్చున్న దూరానికి ఆ కదలిక కనపడదు, అంతే. తెర మీద రావణుడు చెయ్యెత్తాడా లేదా అన్నది కనపడాలి. ఉంగరపు వేలు ఎంత వంగిందన్నది ఆ దూరాన ఎవరికీ పట్టదు.

కనక మీ బొమ్మని ఎంత దూరం నుంచి చూస్తారో ముందు తేల్చుకోండి. గదికి అవతల బీరువాలో ఉండి, దాటిపోతూ ఒక చూపు చూసే బొమ్మకి చెయ్యి ఆకారం మొత్తంగా కనిపిస్తే చాలు. పోత చెయ్యి ఆ ఆకారాన్ని దూరానికి కూడా తేటగా చూపిస్తుంది. కెమెరాతో ముఖానికి దగ్గరగా, చెంప మీద చెయ్యి పెట్టుకున్నట్టు ఫొటో తీస్తారా? అప్పుడూ పోత చెయ్యే మేలు. దగ్గరికి వెళ్లేకొద్దీ కీలు దగ్గరి సందులూ గిన్నెల అంచులూ బయటపడతాయి, చర్మం అనుకున్నది యంత్రంలా కనిపిస్తుంది. కీళ్ల చేతులు బాగుండేది ఈ రెండింటికీ మధ్య దూరంలో. బొమ్మ నడుం దాకా ఫ్రేములో ఉండి, చేతిలో ఏదో పనిలో ఉన్నప్పుడు. బొమ్మని ఫ్రేముకి ఫ్రేము కదిపి సినిమా తీసేవాళ్లకైతే చెయ్యి కదలకపోతే కుదరదు కాబట్టి వాళ్లకి వేరే దారి లేదు. వాళ్లలో కొందరు లోపల తీగ ఉన్న మెత్తటి చేతులు వాడతారు. అవీ శాశ్వతం కాదు. వంచి వంచి తీగ ఒకరోజు లోపలే తెగుతుంది.

పట్టుకునే వస్తువు

మన ఆడపిల్లల్లో చాలామంది ఈ బొమ్మ కొనగానే మొదట చేసేది కూచిపూడి వేషం కట్టడం. పట్టుచీర ముక్కతో పైజమా, మడతల పావడా, పూలజడ. సత్యభామ అయితే మరీ ముచ్చట. భామాకలాపంలో తెర మీంచి జడ వేసే ఘట్టం ఎవరికి గుర్తుండదు! అలాంటి బొమ్మకి ముద్రలు కావాలి కాబట్టి కీళ్ల చేతులే పెట్టించాలని అందరూ అనుకుంటారు. అభినయదర్పణం ఒంటిచేతి ముద్రలు 28 చెప్పింది. 28 పోత చేతులు ఎవరు కొంటారు? లెక్క సరిగానే ఉందనిపిస్తుంది. చేసి చూస్తే తేలేది వేరు.

పతాకంలో నాలుగు వేళ్లూ ఆనుకుని నిటారుగా ఉండాలి. కీళ్ల చేతిలో వేళ్ల మొదళ్లు గుండుల మీద కూర్చుంటాయి కాబట్టి వాటి మధ్య సందు తప్పదు. నాట్యం టీచరు చూస్తే చేతి మీద ఒకటిస్తుంది. హంసాస్యంలో బొటనవేలి కొస చూపుడు వేలి కొసని తాకి ఉండాలి. రెండు కొసలూ గాలిలో కలుసుకోవాలి, వాటిని అక్కడ ఆపేది ఎలాస్టిక్ ఒక్కటే. ఫొటో తీసేలోపే విడిపోతాయి. చిన్న మైనం ముద్ద పెడితే ఆగుతుంది, వేసవిలో కాదు. అలపద్మంలో ఒక్కో వేలూ ఒక్కో కోణంలో మెలి తిరిగి విచ్చుకోవాలి. గుండు కీలు ఎటైనా తిరుగుతుంది నిజమే, కానీ తిరిగినచోట ఆగాలి కదా. ముష్టి, శిఖరం మాత్రం బాగా వస్తాయి. ముడిచిన వేళ్లు అరచేతిని ఆనుకుంటాయి, ఆనుకున్నది ఆగుతుంది.

ఆ ఆనిక దగ్గరే ఉంది కిటుకంతా. కీళ్ల వేళ్లు శూన్యంలో నిలవలేవు. దేన్నయినా పట్టుకుంటే నిలుస్తాయి. కృష్ణుడి చేతిలో వేణువు పెట్టండి. వేలు వేలూ వేణువు మీద వాలి, దాని గుండ్రానికి అనుకూలంగా వంగి, అక్కడే ఉండిపోతుంది. వేణువే వేళ్లని నిలబెడుతుంది. వీణ మెట్ల మీద ఎడమ చేతి వేళ్లూ అంతే. సత్యభామ చేత జడ పట్టించినా బాగుంటుంది, అది మెత్తగా ఉండి వేళ్ల మధ్య ఇరుక్కుంటుంది. అంటే మనం అనుకునేదానికి సరిగ్గా తలకిందులు. ఖాళీ చేతుల ముద్రలకి పోత చేతులు, వస్తువు పట్టుకునే చేతికి కీళ్ల చేతులు. నాట్యం చేసే బొమ్మకి విచ్చిన వేళ్లతో ఒక జత, పిడికిలి ఒక జత తెప్పించుకుంటే కళ్లకి నిండుగా ఉంటుంది. మెళకువ ఉన్నవాళ్లు ఎం-సీల్ లాంటి ఎపాక్సీ మట్టితో పోత చేతి వేలిని కొద్దిగా సరిచేసుకుంటారు కూడా. ఆరాక రుద్దేటప్పుడు నీళ్లు పోస్తూ రుద్దండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు.

బరువు సంగతి మాత్రం మరవకండి. పువ్వు, ఉత్తరం, వెదురు వేణువు సరే. ఇత్తడి కుంది పెడితే కీళ్ల వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగుతాయి. బరువైన వస్తువుకి అరచెయ్యి పైకి తిప్పిన పోత చెయ్యి కావాలి, లేదా అరచేతిలో అయస్కాంతం ఉన్న చెయ్యి. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ చిన్న అయస్కాంతాలు వద్దు. రెండు మింగితే కడుపులో పేగుల్ని మధ్యలో నొక్కి పట్టుకుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

ఈ పట్టుకునే చేతి రహస్యం మన ఊళ్లో విగ్రహాలు చేసేవాళ్లకి ఎప్పుడో తెలుసు. దుర్గాపూజకి ముందు నెలల్లో ఏదైనా షెడ్డులోకి తొంగిచూడండి. గడ్డి, వెదురు, మట్టి కలిసి దుర్గమ్మ ఒళ్లు లేస్తూ ఉంటుంది. చేతులు వేళ్లు లేకుండా మొండిగా ఉంటాయి. వేళ్లు విడిగా, మెత్తటి మట్టితో చేసి, పలక మీద వరసగా ఆరబెట్టి ఉంటాయి. తర్వాత ఒక్కో వేలూ తెచ్చి, తడి చేసి అరచేతికి అతికిస్తారు. అలా అతికించేటప్పుడు పిడికిలి మధ్యలో ఒక బెజ్జం వదులుతారు. అన్నీ అయ్యాక రేకు ఆయుధాలు ఆ బెజ్జాల్లోకి దూరతాయి. త్రిశూలం పట్టే చెయ్యి వేరు, చక్రం ఉండే చెయ్యి వేరు. పది చేతులు, పది వస్తువులు, చెయ్యి అతికించక ముందే ఏ చేతికి ఏదో తేలిపోయి ఉంటుంది. సెప్టెంబరులో రైల్వే వాళ్ల విశ్వకర్మ పూజకి వచ్చే విగ్రహమైనా అంతే. సుత్తి ఏ చేతికో ముందే తెలుసు. కొండపల్లి బొమ్మల్లోనూ చేతులు విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. విడి ముక్కలే, కదలాల్సిన పని లేదు.

మీరూ అదే చెయ్యండి. ఒక కాగితం తీసుకుని, మీ బొమ్మ చేతిలో ఏమేం ఉండాలనుకుంటున్నారో రాయండి. ఊహలు కాదు, ఇంట్లో ఇప్పటికే ఉన్నవో, ఈ ఏడాది చేయబోయేవో రాయండి. చాలామందికి మూడు నాలుగు వరసల తర్వాత కలం ఆగిపోతుంది. ఆ మూడింటిలో రెండు ఖాళీ చేతులే అయితే సంగతి తేలిపోయింది. అన్నీ పట్టుకునేవే అయి, బొమ్మ 60 సెంటీమీటర్లదైతే, కీళ్ల చేతుల్ని రెండో జతగా కొనుక్కోండి. ఉన్న జత తీసేసి వీటినే మొదటి జతగా పెట్టించుకోకండి.

మన వాతావరణం, మన పసుపు

చేతికి రంగు వెయ్యడం, గోళ్లు దిద్దడం, నాట్యం బొమ్మ అరచేతికీ వేళ్ల కొసలకీ ఎర్రగా ఆల్తా గీయడం ఎవరికి ఇష్టముండదు? పోత చేతి మీద ఆ రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది. కీళ్ల వేళ్ల మీద గుండూ గిన్నే రాసుకునే చోటల్లా రేగిపోతుంది. ముందుగా గిన్నె అంచుకి కొంచెం దూరంలో రంగు ఆపేస్తే కొంత నయం, కానీ దగ్గరగా చూస్తే ఆ గీత తెలుస్తుంది.

రంగు మీద వేసే మాట్ స్ప్రేల సంగతి ఖరగ్‌పూర్‌లో ఇంకోటి. గాలిలో తేమ ఎక్కువున్న రోజున స్ప్రే కొడితే తెల్లగా బూజు పట్టినట్టు పొర తేలుతుంది. జూన్ నుంచి పూజల దాకా డబ్బా మూత తియ్యకండి. మాఘమాసంలో సరస్వతి పూజ వచ్చే రోజుల్లో గాలి పొడిగా ఉంటుంది. అప్పుడు డాబా మీద, వాయువుల్ని వడగట్టే మాస్కు పెట్టుకుని కొట్టండి. గుడ్డ మాస్కు సరిపోదు.

ఇక పసుపు. ఇది మన ఇళ్లకే ఉన్న చిక్కు, జపాన్ వాళ్ల పుస్తకంలో ఉండదు. సంక్రాంతికో దసరాకో కొలువు పెట్టినప్పుడు ఈ బొమ్మని కూడా ఒక మెట్టు మీద నిలబెట్టాలనిపిస్తుంది. నిలబెట్టండి. తాంబూలం సర్దిన చేతులతో మాత్రం ముట్టనివ్వకండి. రెజిన్ రంగుని పీల్చుకుంటుంది. పసుపూ కుంకుమా ముదురు పట్టుచీర రంగూ దానికి ఒకటే. వేళ్ల కీళ్ల మధ్యలోకి దిగిన పసుపుని తియ్యాలంటే చెయ్యంతా విప్పాలి. ముదురు రంగు జాకెట్టు వేసేముందు ఆ గుడ్డని ఉతికి, తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. మరక పడిందంటే లోపల తెల్లటి అస్తరు వెయ్యాలి. కిటికీ ఎండలో రెజిన్ పచ్చబడుతుంది, దానికి పసుపుతో పనే లేదు.

జాకెట్టు తొడిగేటప్పుడు కీళ్ల వేళ్లు చేతి అంచు లేసులో చిక్కుకుంటాయి. పోత వేళ్లకైతే పల్చటి ప్లాస్టిక్ సంచి చుట్టి తొడగొచ్చు. కీళ్ల చేతుల్ని అసలు ఊడదీసి తొడగడమే నయం.

డబ్బు దగ్గర ఒక్క మాట. చేతుల్ని తర్వాత చూద్దాం అనుకోవద్దు. తీసుకునేదేదైనా బొమ్మతో పాటే, ఒకే కంపెనీ నుంచి, ఒకే ఆర్డరులో తెప్పించుకోండి. రెజిన్ ఒక్కో విడతకి ఒక్కో ఛాయలో వస్తుంది. ఏడాది తర్వాత కొన్న చెయ్యి ఒంటి రంగుతో కలవదు, ఈలోపు ఒళ్లు కొద్దిగా పచ్చబడి కూడా ఉంటుంది. వేరే కంపెనీదైతే మణికట్టు గుండు సైజే సరిపోకపోవచ్చు. పైగా ఆటబొమ్మల మీద మన దేశం దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. మీ పార్సిల్‌కి ఎంత పడుతుందో కొనేముందే కనుక్కోండి. రెండు పార్సిళ్లంటే రెండుసార్లు పంపించే ఖర్చు, రెండుసార్లు ఎదురుచూపు. చవగ్గా వస్తున్నాయని నకలు చేతులు కొనకండి. అసలు చేతి నుంచి అచ్చు తీసి పోసినప్పుడు రెజిన్ కొంచెం కుంచించుకుంటుంది. పోత చేతిలో అది కంటికి తెలియకపోవచ్చు, కీళ్ల చేతిలో గుండూ గిన్నే కలవవు.

కీళ్ల చేతులు ఇప్పటికే కొనేసి ఉంటే, ఎలాస్టిక్ మార్చడం నేర్చుకోక తప్పదు. మన వేడికీ ఉక్కకీ సన్న ఎలాస్టిక్ తొందరగా సాగి చస్తుంది. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద పని పెట్టుకోండి. ముక్క జారిపడితే కనపడుతుంది, గచ్చు మీద పడితే విరుగుతుంది. విప్పేముందు చేతిని కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. విప్పిన ప్రతి ముక్కనీ ఆ గీతలో దాని చోట్లోనే పెట్టండి. ఉంగరపు వేలి మధ్య ముక్కా చూపుడు వేలి మధ్య ముక్కా కవల పిల్లల్లా ఉంటాయి గానీ తారుమారైతే గిన్నె సరిగ్గా కూర్చోదు. ఒక చెయ్యి పూర్తిగా బిగించాకే రెండోది విప్పండి. ఎలాస్టిక్ బెజ్జంలోంచి లాగడానికి సన్నటి రాగి తీగని సగానికి మడిచి కొక్కెంలా వాడుకోవచ్చు. అరచేతిలో ముడి వేసేటప్పుడు వేళ్లన్నీ నిటారుగా ఉంచి, ఎలాస్టిక్ కొంచెం సాగేంత మాత్రమే లాగి, రెండు ముళ్లు వెయ్యండి. ఒక్కో వేలినీ వంచి వదిలి చూడండి. వంచినచోట ఆగితే సరే. తన్నుకుని లేస్తే ముడి విప్పి రవ్వంత వదలాలి. చివరికి చేతిని ఎస్ కొక్కేనికి తగిలించేటప్పుడు కొక్కెం నోరు బొటనవేలి వైపు కాకుండా చిటికెన వేలి వైపు ఉండేలా చూస్తాను నేను. మళ్లీ తియ్యడానికి వేలు పట్టే చోటు అటే ఎక్కువ.